పనికిరారన్న నింద

బడి నడపరు. ఆసుపత్రిలో కనబడరు. గడప దాటి బయటికి రారు. పొద్దస్తమానం ప్రార్థనే. అలాంటి సిస్టర్ల వల్ల ఎవరికి ఏం ఒరిగింది?

డబ్లిన్‌కి నైరుతి కొసన ఉన్న మా సిటీవెస్ట్‌లో, తెలుగు ఇళ్లలో నలుగురు చేరినప్పుడు ఈ ప్రశ్న తరచూ వినబడుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆదివారం పూజ మానని కుటుంబాలవాళ్లు. ఐర్లండ్‌వాళ్లు ఇదే ప్రశ్న కోపంగా వేస్తారు, మనవాళ్లు జాలిగా వేస్తారు. కోపానికీ జాలికీ అడుగున ఉన్న లెక్క మాత్రం ఒకటే: ఇతరులకు ఎంత పని చేసిపెడితే మనిషి విలువ అంత. ఈ లెక్కను నేను ఒప్పుకోను. ధ్యానమఠాల్లో ఉన్న స్త్రీలకు ఇది అన్యాయం చేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ లెక్క చేతికి అధికారం అందినప్పుడల్లా ఏం జరిగిందో చరిత్రలో రాసే ఉంది.

మనవాళ్ల ఆలోచన ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు, నేనూ గుంటూరు జిల్లా మనిషినే. 1904లో జేఎంజే సభ సిస్టర్లు హాలండ్ నుంచి గుంటూరు వచ్చారు. ఆడపిల్లల చదువు, కాన్పులు, నర్సు శిక్షణ అన్నీ వాళ్ల చేతుల మీదుగా నడిచాయి. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లోరీ వచ్చి ఆ సభలోనే చేరారు. సన్యాసినిగా ఉంటూ వైద్యం చేయడానికి ఆమెకు పోప్‌గారి ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కలిపిందీ ఆమే. మా అమ్మమ్మల తరంలో ప్రాణాలతో బయటపడ్డ ఎంతోమంది బాలింతలు అలాంటి సిస్టర్ల పేరు చెప్పుకుని బతికారు. ఆ రుణం తీరేది కాదు. కానీ దానివల్లే సిస్టరంటే స్టెతస్కోపో సుద్దముక్కో పట్టుకున్న మనిషి అని మనలో ముద్ర పడిపోయింది. చేతిలో రెండూ లేని సిస్టరు ఎదురైతే ఏమనుకోవాలో మనకు తోచదు.

ప్రార్థనకే అంకితమైన ఆ రెండో దారి కొత్తదేం కాదు. ఒకే మఠంలో చివరిదాకా ఉండిపోవడం, రాత్రీ పగలూ కలిపి ఏడెనిమిదిసార్లు గుడిలో కూడి కీర్తనలు పాడటం, మధ్య వేళల్లో చేతిపని, చదువు, మౌనం. ఆవిలా పునీత తెరేజమ్మ 1562లో పట్టుమని పదిమంది కూడా లేని గుంపుతో తన మొదటి కార్మెల్ మఠం తెరిచింది ఈ బతుకు కోసమే. ఐర్లండ్‌లో అలాంటి మఠాలు ఇంకా ఉన్నాయి. డ్రొహెడాలో డొమినికన్ సిస్టర్లు, గాల్వేలో పునీత క్లారమ్మ సిస్టర్లు, వాటర్‌ఫర్డ్ కౌంటీ గ్లెన్‌కెయిర్న్‌లో సిస్టర్షియన్లు. మా సిటీవెస్ట్‌కి కాస్త దూరంలోనే ఫిర్‌హౌస్‌లో 1827లో కార్మెల్ మఠం వెలిసింది. రోజూ మన కార్లు దాని పక్కనుంచే పోతుంటాయి.

ఇప్పుడు ఆ ‘పనికిరారు’ అన్న మాట చరిత్ర చూద్దాం. అది మనం సొంతంగా కనిపెట్టింది కాదు. 1781, 82లలో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తన రాజ్యంలో బడి చెప్పని, రోగుల్ని చూడని మఠాలను మూసేయమన్నాడు. క్లారమ్మ సిస్టర్లు, కార్మెల్ సిస్టర్లు వీధిన పడ్డారు. 1790 ఫిబ్రవరి 13న ఫ్రెంచి జాతీయ సభ సన్యాస వ్రతాలనే రద్దు చేసింది. బడులూ ఆసుపత్రులూ నడిపేవాళ్లను మాత్రం అప్పటికి వదిలిపెట్టింది. పని చేసేవాళ్లు ఉండొచ్చు, ప్రార్థించేవాళ్లు పోవాలి. మన డ్రాయింగ్ రూముల్లో వినబడే వాదం అక్షరం పొల్లుపోకుండా అదే. ఐదేళ్లు తిరగకుండానే, 1794 జులై 17న, కొంపియేన్ కార్మెల్‌కి చెందిన పదహారుమందిని పారిస్‌లో గిలటిన్ ఎక్కించారు. వాళ్లు చేసిన నేరం కలిసి బతకడం, కలిసి ప్రార్థించడం. 2024 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ వాళ్లను పునీతులుగా ప్రకటించారు.

ఆ ఫ్రెంచి విప్లవ కాలంలోనే జైలుపాలై బతికి బయటపడ్డ సిస్టర్షియన్ సన్యాసిని ఒకామె ఉంది. పేరు మదర్ ఆగస్టీన్ ద షబాన్. దేశం విడిచి స్విట్జర్లాండ్ చేరింది. ఫ్రెంచి సైన్యాలు అక్కడికీ వస్తే, తోటి సన్యాసులూ సన్యాసినులూ రష్యా దాకా బండ్ల మీదా కాలినడకనా సాగిన ఆ వలసలో తానూ నడిచింది. చివరికి ఇంగ్లండ్ డోర్సెట్‌లోని స్టేప్‌హిల్‌లో 1802లో ఒక పేద మఠం నిలబెట్టింది. ఆ స్టేప్‌హిల్ నుంచి 1932లో కొంతమంది సిస్టర్లు ఐర్లండ్ వచ్చి బ్లాక్‌వాటర్ నది ఒడ్డున, లిస్మోర్ ఊరికి దగ్గర్లో, ఒక పాత జమీందారీ భవనంలో దిగారు. అదే గ్లెన్‌కెయిర్న్ పునీత మరియ మఠం. దేశంలో స్త్రీల సిస్టర్షియన్ మఠం అదొక్కటే. పనికిరారని ఒక ప్రభుత్వం తరిమేసిన స్త్రీల వారసత్వం అది. పిరికివాళ్లు లోకానికి భయపడి తలుపులేసుకున్నారని అనేవాళ్లు ఆ జైలు నుంచి ఆ నది ఒడ్డు దాకా సాగిన నడకను ఒక్కసారి మనసులో నడిచి చూడాలి.

సోమరితనం అన్న మాట ఇంకొకటి ఉంది. దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు, గ్లెన్‌కెయిర్న్ పని గది చాలు. అక్కడి సిస్టర్లు ఐర్లండ్‌లోని విచారణలకు దివ్యసత్ప్రసాద అప్పాలు తయారుచేస్తారు. గోధుమపిండి, నీళ్లు, శాసనం ప్రకారం మూడో వస్తువు కలపకూడదు. పలుచగా కలిపిన పిండిని వేడి ఇనుప పలకల మధ్య పోసి నొక్కితే ఆత్రేయపురం పూతరేకులాంటి పెళుసు రేకు వస్తుంది. దాన్ని అప్పటికప్పుడు కోస్తే ముక్కలైపోతుంది. అందుకని తేమగా ఉండే గదిలో పెట్టి మెత్తబడనిస్తారు, ఆ తర్వాతే గుండ్రంగా కోస్తారు. ఆపైన విరిగినవీ ఎగుడుదిగుడుగా వచ్చినవీ ఏరివేత. ఇవి కాక పొలం ఉంది, గ్రీటింగ్ కార్డుల పని ఉంది, అతిథి గృహం ఉంది. వాళ్లు పాటించే బెనెడిక్టు నియమం ఆరో శతాబ్దంలోనే సోమరితనాన్ని ఆత్మకు శత్రువుగా ఎంచి, తమ చేతి కష్టం మీద బతికేవాళ్లే నిజమైన సన్యాసులని తేల్చింది. మా సిటీవెస్ట్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు లువాస్ ట్రామ్ పట్టుకునే ఏ ఉద్యోగి కంటే ముందే, తెల్లవారుజామున నాలుగు దాటగానే, వాళ్ల రోజు మొదలవుతుంది.

అయితే అప్పాల లెక్క చూపించి వాళ్లను గెలిపించాలని నాకు లేదు. మావైపువాళ్లు కొందరు చేసే వాదనతో కూడా నాకు పేచీ ఉంది. ‘ప్రార్థన కూడా సేవే కదా, మన వీసాల కోసం, పరీక్షల కోసం, బయాప్సీ రిపోర్టుల కోసం వాళ్లు ప్రార్థిస్తారు కదా’ అంటారు. ప్రార్థిస్తారు, నిజమే. ఉత్తరాలు వస్తాయి, ఫోన్లు వస్తాయి, ఒక్కదాన్నీ పక్కన పడేయరు. కానీ ఈ సమర్థన వాళ్లను మళ్లీ అదే తక్కెడలో కూర్చోబెడుతుంది. వాళ్లు మఠంలో చేరింది మన పనులు దేవుడి దగ్గర చక్కబెట్టడానికి కాదు. దేవుడు ఉన్నాడనీ, ఆయన తన కోసమే ఆరాధించదగినవాడనీ నమ్మి చేరారు. ఒక మనిషి మరో మనిషిని ప్రేమిస్తే ‘దీనివల్ల లాభమేంటి’ అని మనం అడగం, అడిగినవాణ్ణి మొరటు మనిషనుకుంటాం. ఇక్కడ ఎందుకు అడుగుతున్నాం? మనకు విశ్వాసం లేకపోతే లేదు. ఆ మాట సూటిగా చెప్పొచ్చు: ‘దేవుడు లేడు కాబట్టి వాళ్ల బతుకు వృథా’ అని. అది వాదించదగ్గ మాట, గౌరవించదగ్గ మాట కూడా. దేవుణ్ణి నమ్ముతున్నామంటూ, ఆదివారం గుడికి వస్తూ, ఆయన కోసం బతికేవాళ్లను వృథా అనడం మాత్రం నాకు బోధపడదు.

మఠమంటే జైలు అన్న నింద అన్నిటికంటే బరువైంది, కాబట్టి దాని దగ్గర ఆగాలి. ఒకప్పటి ఐరోపాలో కట్నం దండగని కూతుళ్లను మఠాలకు తోసేసిన కుటుంబాలు ఉన్నాయి. అందుకే ట్రెంట్ మహాసభ 1563లో, వ్రతాలు తీసుకునే ముందు ఆ అమ్మాయి స్వేచ్ఛగా వచ్చిందో లేదో మేత్రాణులు విచారించాలని శాసించింది. మఠాల లోపల కూడా గాయకబృందంలో ఉండే సిస్టర్లు, వంటా పొలమూ చూసే సిస్టర్లు అని రెండు తరగతులు శతాబ్దాల తరబడి నడిచాయి. కట్నం తెచ్చినవాళ్లకో స్థానం, తేలేనివాళ్లకో స్థానం. సువార్త చదివే ఇంట్లో అలాంటి తేడా ఉండటం సిగ్గుచేటు. రెండో వాటికన్ మహాసభ తర్వాతే అది పోయింది.

కానీ ఈనాటి మఠం తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలుసుకుని మాట్లాడాలి. 2018లో రోమ్ ఇచ్చిన నియమాల ప్రకారం, ధ్యానమఠంలో చేరాలనుకున్న స్త్రీకి పరిచయ కాలం కనీసం ఒక ఏడాది. ఆపైన ప్రవేశార్థిగా కనీసం ఒక ఏడాది. తర్వాత రెండేళ్ల నవశిష్యత్వం. దాని తర్వాత కనీసం ఐదేళ్లు తాత్కాలిక వ్రతాలు. మొత్తం తొమ్మిదేళ్లకు తక్కువ కాకూడదు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె ఏ మెట్టు మీదనైనా ఆగి ఇంటికి పోవచ్చు. మఠం కూడా ఆమెను ఊరికే తీసుకోదు, తలుపు తట్టినవాళ్లను తేలిగ్గా లోపలికి రానివ్వొద్దన్నది బెనెడిక్టు పెట్టిన నియమమే. మన పెళ్లిచూపులు గుర్తుచేసుకోండి. అరగంట కాఫీ, రెండు ఫోన్ కాల్స్, జాతకాలు, మూడు నెలల్లో తాళి. జీవితకాలపు నిర్ణయానికి తొమ్మిదేళ్లు ఆలోచించుకునే హక్కు మన ఆడపిల్లల్లో ఎవరికుంది?

లోపలికి వెళ్లాక పెత్తనం ఎవరిదనేది కూడా చూడాలి. శాశ్వత వ్రతాలు తీసుకున్న సిస్టర్లు రహస్య ఓటుతో తమ మఠాధ్యక్షురాలిని ఎన్నుకుంటారు. కొత్తవాళ్లను చేర్చుకోవాలా వద్దా అన్నదానికీ ఓటే. ముఖ్యమైన విషయం వస్తే అందర్నీ పిలిచి అడగాలనీ, మంచి సలహా చాలాసార్లు చిన్నవాళ్ల నోట వస్తుందనీ బెనెడిక్టు నియమం మూడో అధ్యాయం చెబుతుంది. భూమి, బాంకు ఖాతా, పైకప్పు మరమ్మతు, పొలం, అన్నీ వాళ్లే చూసుకుంటారు. స్త్రీలు ఓటు హక్కు కోసం వీధుల్లోకి రావడానికి వందల ఏళ్ల ముందే ఈ మఠాల్లో స్త్రీలు స్త్రీలను ఎన్నుకున్నారు.

ఐర్లండ్‌వాళ్ల కోపం సంగతి వేరు. దాని ముందు నేను గొంతు తగ్గించుకుంటాను, ఎందుకంటే ఆ కోపం న్యాయమైంది. 1922 నుంచి 1996 వరకు సిస్టర్లు నడిపిన మాగ్డలీన్ లాండ్రీల్లో దాదాపు పదివేలమంది స్త్రీలు జీతం లేకుండా బట్టలు ఉతికారు. వాళ్లలో నాలుగో వంతుకు పైగా స్త్రీలను అక్కడికి చేర్చిందీ చేర్చడంలో చేయికలిపిందీ ప్రభుత్వమేనని 2013 నాటి మెకలీస్ నివేదిక తేల్చింది. ఆ ఏడాదే అప్పటి ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. సిస్టర్లు నడిపిన ట్యూమ్ ఆశ్రమంలో చనిపోయిన పసిపిల్లల కథ తెలిసిన ఏ తల్లీ సిస్టరన్న మాట విని మామూలుగా ఉండలేదు.

అయినా ఒక విషయం చెప్పక తప్పదు. ఆ లాండ్రీలు నడిపినవి సేవాపని కోసం పుట్టిన సభలు, ధ్యానమఠాలు కావు. ఆ సభలను దేశం ఎందుకు అంతగా నెత్తిన పెట్టుకుంది? పనికొచ్చారు కాబట్టి. పేద దేశం, కొత్త ప్రభుత్వం, చేతిలో డబ్బు లేదు. బడులకూ ఆసుపత్రులకూ ఆశ్రమాలకూ తక్కువ ఖర్చులో దొరికిన చేతులు సిస్టర్లవి. పాలకులు ఆ చేతులకు అధికారం అప్పజెప్పి, లోపల ఏం జరుగుతోందని అడగడం మానేశారు. ఊరికి పనికిరాదనుకున్న ఆడపిల్లను, పెళ్లి కాకుండా తల్లైనదాన్ని, పనికొచ్చేలా చేస్తామని ఆ గోడల వెనక్కి నెట్టారు. లాండ్రీ గోడ వెనక ఉన్న స్త్రీ చేతిలో తాళం లేదు, ఓటు లేదు, ఆలోచించుకోవడానికి తొమ్మిదేళ్లు లేవు. ఇదీ ‘పనికిరావడం’ అన్న లెక్క పట్టుకున్న అధికారం చేసిన పని. ధ్యానమఠాలకు ఆ పాపంతో ఏ సంబంధమూ లేదని చేతులు దులుపుకోను, ఒకే తిరుసభలో అందరూ భాగమే, ఆ మౌనంలోనూ భాగమే. కానీ లాండ్రీని చూపించి కార్మెల్‌ను కొట్టేవాళ్లు, తాము చేతిలో పట్టుకున్న కొలబద్ద ఎవరిదో ఒకసారి చూసుకోవాలి.

తల్లిదండ్రుల్ని గాలికొదిలేసి పోతారు అంటారు మనవాళ్లు. ఈ మాట సిటీవెస్ట్‌లో కూర్చుని అనడానికి మనకు నోరెలా వస్తుంది? మనందరి అమ్మానాన్నలు తెనాలిలోనో ఖమ్మంలోనో ఒంటరిగా వీడియో కాల్ కోసం ఎదురుచూస్తున్నారు. మనం వచ్చింది జీతం కోసం, పిల్లల చదువు కోసం, పాస్‌పోర్టు కోసం. వాటిని తప్పుపట్టను, నేనూ అలాగే వచ్చాను. కానీ ఊళ్లో ఎవరూ మనల్ని పారిపోయారనలేదు, ఫ్లెక్సీ కట్టి పంపించారు. డాలర్ల కోసమో యూరోల కోసమో ఇల్లు వదిలితే ప్రయోజకత్వం, దేవుడి కోసం వదిలితే బాధ్యతారాహిత్యమా?

పోనీ ఇది మనకు పరాయి సంగతా అంటే, కాదు. అమరావతి స్తూపం శాసనాల్లో దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఇల్లు విడిచి సంఘంలో చేరిన స్త్రీలు మన కృష్ణ ఒడ్డున రెండువేల ఏళ్ల నాడే ఉన్నారు. ఇంకా దగ్గరికి వస్తే తరిగొండ వెంగమాంబ ఉంది. బాల్యంలోనే భర్త పోయిన పిల్ల, వితంతువుకు లోకం విధించిన వేషం వేసుకోనని ఎదురు తిరిగింది. తిరుమల చేరి, అక్కడా పోరు తప్పకపోతే తుంబురు కోనకు వెళ్లి ఏకాంతంగా తపస్సు చేసింది. 1817లో కన్నుమూసింది. ఈనాటికీ తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో ఆమె పేరు మీద ముత్యాల హారతి జరుగుతుంది, వేలమందికి అన్నం పెట్టే భవనానికి ఆమె పేరే ఉంది. కోనలో ఉన్న కాలంలో వెంగమాంబ ఎవరికి పనికొచ్చిందని మనలో ఒక్కరైనా అడిగారా? అడగలేదు, ఎందుకంటే ఆమె విషయంలో మనకు జవాబు తెలుసు. ఫిర్‌హౌస్ గోడ పక్కన ఆ జవాబు మరిచిపోతాం.

మనం అద్దెకున్న ఈ నేలకు కూడా ఇది కొత్త కాదు. సిటీవెస్ట్‌ను ఆనుకుని ఉన్న సాగర్ట్‌కి ఆ పేరు వచ్చింది సాక్రా అనే పురాతన సన్యాసి పేరు మీదుగా. ఇవతల టాలట్‌లో ఎనిమిదో శతాబ్దంలో మయల్‌రువాన్ కఠోర నియమంతో ఒక మఠం నెలకొల్పాడు, ఐర్లండ్ సన్యాస జీవితాన్ని సంస్కరించిన ఉద్యమానికి అది కేంద్రమైంది. షాపింగ్ సెంటరూ ట్రామ్ స్టాపూ నిన్నగాక మొన్న వచ్చాయి.

ఇక చివరి వాదం: ‘అన్నీ మూతపడుతున్నాయి కదా, కాలం తీర్పు చెప్పేసింది’ అని. మూతపడుతున్నాయి, నిజమే. గ్లెన్‌కెయిర్న్ ఉన్న కౌంటీలోనే దాదాపు రెండు వందల ఏళ్లు నిలిచిన మౌంట్ మెల్లరే పురుషుల మఠం 2025 జనవరిలో తాళం వేసుకుంది. నాకు దుఃఖం కలిగింది, దాచుకోను. కానీ మూతపడటం ఓడిపోవడమని తీర్పు చెప్పేవాళ్లు గాల్వే క్లారమ్మ సిస్టర్ల కథ వినాలి. 1629లో ఐదుగురు ఐరిష్ స్త్రీలు సముద్రం దాటి డబ్లిన్ వచ్చారు. అధికారులు నిలవనివ్వకపోతే 1631లో లోఖ్ రీ సరస్సు ఒడ్డుకు వెళ్లి ఆ చోటికి బెత్లెహేమని పేరు పెట్టుకున్నారు. 1642లో యుద్ధంలో అది కాలిపోయింది. గాల్వే చేరారు. అక్కడ ఉండగానే, 1647లో, దువల్టక్ మక్‌ఫిర్‌విసిగ్ అనే గొప్ప పండితుడు వాళ్ల నియమావళిని ఐరిష్ భాషలో రాసిపెట్టే పనిలో చేయి వేశాడు. ఆ ప్రతి ఇప్పటికీ డబ్లిన్‌లో భద్రంగా ఉంది. 1653లో క్రామ్‌వెల్ మనుషులు వాళ్లను వెళ్లగొట్టారు. మళ్లీ వచ్చారు. ఇవాళా గాల్వేలో ఉన్నారు. డ్రొహెడా సిస్టర్లదీ అదే దారి: కతోలికులను అణిచే చట్టాలు మెడ మీద ఉన్న 1722లో మదర్ క్యాథరిన్ ప్లంకెట్ ఆ మఠం మొదలుపెట్టింది. వేదసాక్షి ఆలివర్ ప్లంకెట్ శిరస్సును ఆ సిస్టర్లు 1921 దాకా తమ దగ్గర కాపాడారు.

గ్లెన్‌కెయిర్న్ సంతానం లెక్క కూడా చెబుతాను. 1949లో అక్కడి నుంచి వెళ్లిన సిస్టర్లు అమెరికా మసాచుసెట్స్‌లోని రెంథమ్‌లో మఠం పెట్టారు, ఆ దేశంలో సిస్టర్షియన్ స్త్రీలకు అదే మొదటిది. రెంథమ్ నుంచి 1964లో అయోవాలో ఒకటి. అయోవా నుంచి 1999లో నార్వేలోని టౌట్రా ద్వీపంలో మరొకటి. గ్లెన్‌కెయిర్న్‌కే నైజీరియాలో ఇంకో కూతురు మఠం ఉంది. గిలటిన్ తప్పించుకున్న ఒక స్త్రీ స్టేప్‌హిల్‌లో నాటింది ఇంతదూరం పాకింది. స్టేప్‌హిల్‌లో ఇవాళ మఠం లేదు, ఆ సిస్టర్లు 1991లో వేల్స్‌కి మారిపోయారు. ఒక ఇల్లు మూతపడ్డప్పుడు మనం చూసేది ఆ ఇంటినే, అప్పటికే దాని పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో చూడం.

ఇంత చెప్పాక నేను కోరేది ఒక్కటే, అదీ సిటీవెస్ట్, సాగర్ట్, టాలట్ తెలుగు కతోలిక తల్లిదండ్రుల్ని. రేపు మీ అమ్మాయి ట్రినిటీలోనో యూసీడీలోనో చదువుకుంటూ, ‘అమ్మా, నాకు అలాంటి బతుకు ఎలా ఉంటుందో చూడాలనుంది’ అని అంటే, వెంటనే చుట్టాలకు ఫోన్లు చేయకండి, సైకాలజిస్టు నంబరు వెతకకండి. గ్లెన్‌కెయిర్న్‌కి ఇక్కణ్ణించి కారులో రెండు గంటల పైచిలుకు. అతిథి గృహంలో రెండు రోజులుండి, గుడిలో ఆ అమ్మాయి పక్కనే కూర్చోండి. సిస్టర్లు అటో వరుస ఇటో వరుసగా ఎదురెదురుగా నిలబడి, ఒక వరుస ఒక చరణం పాడితే రెండో వరుస తర్వాతి చరణం అందుకుంటుంది. ప్రతి చరణం మధ్యలో అందరూ కలిసి ఒక్క ఊపిరి ఆగుతారు. తనకు కావలసింది అదో కాదో మీ అమ్మాయికి అక్కడ తెలుస్తుంది. కాదంటే వెనక్కి తీసుకురండి. అవునంటే, ఇంకా తొమ్మిదేళ్లు ఉన్నాయి.